డైరెక్ట్ చేసేద్దాం బాబాయ్ అన్నాడు

ఈసారి పోస్టు మిరప గురించి కాదు, నల్లి గురించీ కాదు. కారులో ఉండే ఒక చిన్న స్విచ్ గురించి. మనకి కార్లతో పనేంటి అని పైకి జరిపెయ్యకండి. కారుతో మొదలుపెట్టినా మీ దొడ్లో నిలబడి ఉన్న ట్రాక్టర్ దగ్గరికే వస్తాను. పోస్టు కాస్త పొడుగు. కోతకి కూలీలు రాని రోజు చూసుకుని తీరిగ్గా చదవండి.

మూడున్నర ఎకరాలోడికి ఆటోమేటిక్ కారు ఎందుకో ముందు చెప్తాను. కుర్రతనంలో పదిహేనేళ్ళు ట్రాక్టర్ డ్రైవరుగా చేశాను. నా ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిందని డాక్టరు అనలేదు గానీ, నా లెక్క అదే. క్లచ్ ఉన్న కారు పాతిక కిలోమీటర్లు నడిపితే ఆ రాత్రికి నిద్ర ఉండదు. మా పెద్దాడు హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్న ఆటోమేటిక్ బండి ఒకటి ఉండేది. వాడు వేరేది తీసుకున్నాక దాన్ని తెచ్చి నాకిచ్చాడు. పదేళ్ళు దాటిన బండి. మా అమ్మకి ఎనభై దాటినయ్. నెలకి రెండుసార్లు నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బస్సు ఎక్కలేదు, ఆటోలో కూర్చుంటే నడుం పట్టేస్తది. కాబట్టి ఆ బండి మా ఇంట్లో షోకుకి లేదు.

సంక్రాంతి వెళ్ళిన నాలుగు రోజులకి మొదలైంది రోగం. కీ తిప్పితే లైట్లన్నీ వెలుగుతున్నయ్, హారన్ గట్టిగా మోగుతుంది, స్టార్టర్ మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. గేర్ లివర్‌ని రెండుసార్లు అటూ ఇటూ ఆడించి మళ్ళీ కీ తిప్పితే తిరిగింది. వారం కూడా కాలేదు, ఆసుపత్రి బయట అమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి కీ తిప్పితే మళ్ళీ అదే కథ. మిట్టమధ్యాహ్నం. పి లో కాకపోతే ఎన్ లో చూద్దామని లివర్ అక్కడ పెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి కీ తిప్పాను. స్టార్టయింది. ఇంటికి వచ్చేదాకా ఇంజను ఆపితే ఒట్టు.

ఆటోమేటిక్ నడపనివాళ్ళ కోసం ఇక్కడ నాలుగు మాటలు. దీనికి క్లచ్ పెడల్ ఉండదు. లివర్ పక్కన పి, ఆర్, ఎన్, డి అని అక్షరాలుంటయ్. పి అంటే పార్కింగ్, గేర్ బాక్సు లోపల ఒక కొక్కెం పడి బండి కదలకుండా పట్టుకుంటుంది. ఆర్ రివర్సు, ఎన్ న్యూట్రల్, డి అంటే ముందుకి. లివర్ పి లో గానీ ఎన్ లో గానీ ఉంటేనే స్టార్టర్‌కి కరెంటు పోతుంది. మిగతావాటిలో ఎన్నిసార్లు కీ తిప్పినా పోదు. అక్కడ కాపలా కూర్చున్నదే మనం చెప్పుకునే స్విచ్. న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ అంటారు. కొన్ని కంపెనీలోళ్ళు ఇన్హిబిటర్ స్విచ్ అంటారు, రేంజ్ సెన్సర్ అనేవాళ్ళూ ఉన్నారు. గేర్ బాక్సు మీద, గేర్ కేబుల్ వచ్చి తగులుకునే చోట అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. దాని మధ్యలోంచి గేర్ షాఫ్టు లోపలికి పోతుంది. మనం లివర్ జరిపితే షాఫ్టు తిరుగుతుంది, దానితోపాటు డబ్బాలో రాగి పలకలు జరుగుతయ్. ఇప్పుడు ఏ గేరులో ఉన్నామో కంప్యూటర్‌కి చెప్పేది అదే, స్టార్టర్‌కి కరెంటు వదిలేది అదే, రివర్సు లైటు వెలిగించేది అదే.

అందుకే అది చెడిపోతే ఆనవాళ్ళు కూడా అలాగే ఉంటయ్. పి లో స్టార్ట్ కాక ఎన్ లో అవుతుంది, లేకపోతే లివర్ కదిలిస్తే అవుతుంది. రివర్సు లైటు ఒకసారి వెలిగి ఒకసారి మొండికేస్తది. మీటర్ బోర్డు మీద గేరు అక్షరం మాయమవుతుంది, లేదా లివర్ ఒకచోట ఉంటే బోర్డు మీద ఇంకోటి చూపిస్తది. మా బండికి మూడూ వచ్చినయ్.

టౌన్లో ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. పేరు ఎందుకులెండి. కంప్యూటర్ తగిలించి చూసి, "గేర్ బాక్స్ కంప్లైంట్ సార్, మొత్తం దింపాలి, అరవై వేల పైనే అవుద్ది" అన్నారు. అరవై వేలంటే నా మూడున్నర ఎకరాల మీద ఎంతో మీరే లెక్కేసుకోండి. అయితే వాళ్ళ తెర మీద పీ 0705 అని ఒక కోడు కనిపించింది. అది చేతి మీద రాసుకుని వచ్చి పెద్దాడికి ఫోన్లో చెప్పాను. వాడు వెతికి చెప్పిందేమంటే, ఆ కోడు గేర్ బాక్సు లోపలి పళ్ళ గురించి కాదు, గేరు ఎక్కడుందో చెప్పే ఈ స్విచ్, దాని వైర్ల గురించి. కోడు చూపించిన మిషనుకి కోపం రాదుగా, అది ఉన్నదే చెప్పింది. దాన్ని చదివి చెప్పేవాడి దగ్గరే తేడా. మీ బండి ఎక్కడైనా కంప్యూటర్‌కి పెడితే ఆ కోడు నంబరు అడిగి రాసుకోండి. అడిగితే ఇవ్వనంటే అక్కడినుంచి వచ్చెయ్యండి.

ఆ సాయంత్రం మా ఊళ్ళో ఎలక్ట్రీషియన్ కుర్రాడిని పిలిచాను. పనోడే. మా వైపు బోర్ల స్టార్టర్లన్నీ వాడే చూస్తాడు. బానెట్ ఎత్తి, వైర్లు పట్టి చూసి, పది నిమిషాల్లో చెప్పేశాడు. "స్విచ్ పోయింది బాబాయ్. ఈ రెండు వైర్లు కలిపితే అయిపోద్ది. డైరెక్ట్ చేసేద్దాం. రెండొందలు ఇవ్వు చాలు."

ఈ మాట మీరెన్నిసార్లు విని ఉంటారు? ఫ్యూజు కొడుతుంటే రాగి తీగ చుట్టి డైరెక్ట్. బోరు స్టార్టర్ ట్రిప్ అవుతుంటే ఓవర్‌లోడ్ రిలే పక్కన పెట్టి డైరెక్ట్. మడి ఎండిపోతుంటే రాత్రి పదకొండింటికి మెకానిక్ దొరకడు, ఏం చేస్తాం, అలాగే చేస్తాం. వాళ్ళని నేను తప్పు పట్టను. ఫ్యూజు డైరెక్ట్ చేస్తే మోటారు కాలుతుంది. వైండింగుకి నాలుగు వేలో అయిదు వేలో అవుతుంది, తిట్టుకుంటాం, కడతాం. ఈ స్విచ్ డైరెక్ట్ చేస్తే పోయేది మోటారు కాదు. అందుకే వద్దురా అబ్బాయ్ అన్నాను. వాడికి నా మాట నచ్చలేదు. రెండొందల పనికి నాలుగు వేలు పెడతానంటున్నాడు ఈయన అని మా ఇంటావిడతో అన్నాడు కూడా.

వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. మామూలు కారు గేర్లో ఉండగా, క్లచ్ తొక్కకుండా కీ తిప్పితే ఏమవుద్ది? ఒక్క దూకు దూకి ఆగిపోతుంది. ఇంజనుకీ చక్రాలకీ మధ్య గట్టి పట్టు ఉంది కాబట్టి చాలాసార్లు అలా ఆగిపోతుంది. నా బండిలాంటి ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య ఉండేది నూనె. టార్క్ కన్వర్టర్ అంటారు. నూనె జారుతుంది కాబట్టి డి లో స్టార్ట్ అయినా ఇంజను ఆగదు. చక్కగా అందుకుని, ఎవరూ యాక్సిలేటర్ తొక్కకపోయినా దానంతటదే నడుచుకుంటూ పోతుంది. మా మనవరాలికి నాలుగేళ్ళు. సెలవులకి వస్తే దాని ఆట అంతా ఆ కారులోనే, స్టీరింగు పట్టుకుని బుర్రుమంటా కూర్చుంటుంది. ఎదురుగా వాకిట్లో అమ్మ కర్ర పట్టుకుని అటూ ఇటూ నడుస్తా ఉంటుంది. డైరెక్ట్ చేసిన బండి, లివర్ డి లో, కీ మర్చిపోయి దానికే వదిలేశాం అనుకోండి. ఆపైన నేను రాయక్కర్లేదు.

అమెరికాలో 1968 నుంచి దీనికి చట్టమే ఉంది. అక్కడి కార్ల భద్రతా నిబంధనల్లో 102వది. ఆటోమేటిక్ బండి ముందుకి గానీ వెనక్కి గానీ పోయే గేర్లో ఉంటే స్టార్టర్ పనిచెయ్యకూడదు అని అందులో రాశారు. ముందుకి పోయే గేరుకీ రివర్సుకీ మధ్యలో న్యూట్రల్ ఉండి తీరాలని కూడా అందులోనే ఉంది. అంతకుముందు కొన్ని బండ్లలో రివర్సు చివర్లో, ముందుకిపోయే గేరు పక్కనే ఉండేది. ఒకటి అనుకుని ఒకటి వేస్తే ఏం జరుగుద్దో మనకి తెలియంది కాదు.

కుర్రాడికి ఇదంతా చెప్పినా తలకెక్కలేదు. పక్క ఊరి సంగతి ఎత్తాను. అప్పుడు ఊరుకున్నాడు, ఎందుకంటే ఆ రోజు వాడూ అక్కడే ఉన్నాడు.

మూడేళ్ళయింది. కౌలుకి పత్తి వేసుకునే మనిషి, నలభై కూడా లేవు. సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు. క్లచ్ దగ్గరి స్విచ్ ఎవరో ఎప్పుడో డైరెక్ట్ చేశారు, ఆయన కొనేటప్పటికే అలా ఉంది. తర్వాత కీ స్విచ్ కూడా పోయింది. కిందే నిలబడి స్టార్టర్ మోటారు మీది రెండు బోల్టులకి స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేసేవాడు. మన ఊళ్ళల్లో ఎంతమంది చెయ్యట్లేదు? హ్యాండ్ బ్రేకు సరిగ్గా పట్టదు కాబట్టి రాత్రి గట్టు వాలులో బండి ఆపినప్పుడు జారకుండా గేర్లో పెట్టి వెళ్ళాడు. తెల్లారి గొర్రు తోలాలని వచ్చి, బండి పక్కన, ముందు టైరుకీ పెద్ద టైరుకీ మధ్యలో నిలబడి స్క్రూడ్రైవర్ పెట్టాడు. గేర్లో ఉన్న సంగతి గుర్తు లేదు. డీజిల్ ఇంజను చిన్న గేర్లో ఉంటే దూకి ఆగే రకం కాదండీ, అందుకున్నదంటే ఎక్కేస్తది. నలభై, నలభై అయిదు హార్స్‌పవర్ బండి దాదాపు రెండు టన్నులు ఉంటుంది. మేం వెళ్ళేసరికి ట్రాక్టరు ఎదురు పొలంలో కంచెకి ఆనుకుని ఇంకా నడుస్తానే ఉంది.

ఆయన కూతురు ఇప్పుడు పదో తరగతి. భూమి సొంతం కాదు, కౌలు కార్డు చేయించుకోలేదు. ఆ ఇంటికి ఏం మిగిలిందో మీరే ఊహించుకోండి.

సరే, పనిలోకి వద్దాం. నాలాగా ఇంట్లో ఈ స్విచ్ మార్చుకోవాలనుకునేవాళ్ళు డబ్బులు పెట్టే ముందు చెవులు పెట్టి వినాలి. కీ తిప్పినప్పుడు టకటకటక అని కొట్టుకుంటా లైట్లు తగ్గిపోతుంటే అది బ్యాటరీ, లేదా టెర్మినల్ దగ్గర పచ్చగా పూసిన చిలుము. గట్టిగా ఒక్కసారే టక్ మని ఊరుకుంటే స్టార్టర్ మోటారు వైపు చూడండి. లైట్లు నిండుగా ఉండి అసలు శబ్దమే లేకపోతే అప్పుడు ఈ స్విచ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండైతే బ్రేకు పెడల్ స్విచ్ కూడా చూడాలి. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయా లేదా అని మనిషిని నిలబెట్టి చూడండి, తెలిసిపోద్ది.

ఇంకోటి, చాలామంది చూడనిది. గేర్ కేబుల్ సాగిపోయినా ఇదే రోగం కనిపిస్తది. లోపల లివర్ పి అని చూపిస్తది, కింద గేర్ బాక్సు పి లోకి పూర్తిగా వెళ్ళి ఉండదు. అప్పుడు స్విచ్ మంచిదే, కేబుల్ సర్దితే చాలు, పైసా ఖర్చు లేదు. ఇంకా ఎలకలు. గడ్డివాము పక్కన కారు పెట్టేవాళ్ళం మనం, వైర్లు కొరికి ఉండొచ్చు. స్విచ్‌కి వచ్చే కనెక్టరు ఊడదీసి లోపల సూదులు చూడండి. పచ్చగా చిలుము పడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బ్రష్షుతో తుడిచి పెట్టి, నాలుగు రోజులు చూడండి. మాదానికి ఇవన్నీ చూశాకే కొన్నాం. మల్టీమీటర్ పెడితే పి లో ఉన్నప్పుడు స్టార్టర్ వైర్ల రెండు సూదుల మధ్య బీప్ రావాలి. మాదానికి పదిసార్లలో ఆరేడుసార్లు రాలేదు.

స్విచ్ విజయవాడ ఆటోనగర్లో దొరికింది. వెళ్ళేముందు ఛాసిస్ నంబరు, పాత స్విచ్ మీద నంబరు ఫోటో తీసుకుని వెళ్ళండి. ఒకే పేరు బండికి కూడా సంవత్సరాన్ని బట్టి స్విచ్ మారుద్ది, సూదుల లెక్క మారుద్ది. వెయ్యి రూపాయలకి పాత బండిలోంచి తీసింది ఇస్తానన్నాడు ఒకాయన. రాగి అరిగే సామాను పాతది కొంటే ఏం లాభం? కొత్తది నాలుగు వేల రెండొందలు పడింది. బస్సు ఛార్జీలు, భోజనం వేరే.

ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం, ఆ కుర్రాడే వచ్చాడు. బండి చదునైన చోట పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. ఇంజను పూర్తిగా చల్లారాలి. లివర్ ఎన్ లో పెట్టాం. ఆ తర్వాత బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాం. మా బండికి స్విచ్ బ్యాటరీ కిందే ఉంది. బ్యాటరీ, దాని కింది ట్రే, గాలి ఫిల్టరు డబ్బా తీస్తే పైనుంచే చెయ్యి అందుతుంది, కారు కిందకి దూరే పని లేదు. కొన్ని బండ్లకి కిందనుంచి చెయ్యాలి. అలాంటిదైతే జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరొద్దు, స్టాండ్లు ఉంటేనే, లేకపోతే గ్యారేజీకి పట్టుకెళ్ళండి.

కేబుల్ తగులుకున్న చిన్న లివర్ షాఫ్టు మీద నట్టుతో ఉంటుంది. ఆ నట్టు విప్పేటప్పుడు లివర్‌ని ఇంకో చేత్తో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే పానా బలమంతా షాఫ్టు మీదుగా గేర్ బాక్సు లోపలికి పోద్ది. కుర్రాడు ఒకసారి గట్టిగా లాగబోతే ఆపాను. నట్టు, వాషర్లు ఏ వరసలో వచ్చినయ్యో అదే వరసలో పాత గుడ్డ మీద పేర్చాను. స్విచ్‌ని పట్టుకునేవి రెండు చిన్న బోల్టులు. వాటి రంధ్రాలు గుండ్రంగా ఉండవు, కాస్త పొడుగ్గా ఉంటయ్, స్విచ్‌ని అటూ ఇటూ తిప్పి సర్దుకోవడానికి. బోల్టులు విప్పకముందే పాత స్విచ్ అంచు ఎక్కడుందో గేర్ బాక్సు మీద మార్కర్‌తో గీత గీసుకోండి. తర్వాత నన్ను తలుచుకుంటారు.

పాత స్విచ్ నిటారుగా పైకి లాగితే వచ్చేసింది. కింద షాఫ్టు చుట్టూ వేలు పెట్టి చూశాను, నూనె తడి లేదు. అక్కడ నూనె కారుతుంటే సీలు పోయినట్టు. సీలు మార్చకుండా కొత్త స్విచ్ పెడితే అందులోకీ నూనె దిగి ఇదే కథ మళ్ళీ వస్తది. పాతదాన్ని తర్వాత కుర్రాడు విప్పి చూపించాడు. లోపల గ్రీజు నల్లగా జిగురులాగా అయింది, రాగి పలక పి ఉండే చోట గుంట పడింది. ఎక్కువసేపు బండి ఆగి ఉండేదీ, ప్రతిసారీ స్టార్ట్ చేసేదీ అక్కడే కదా మరి.

కొత్తది పెట్టేటప్పుడే అసలు పని. షాఫ్టు ఎన్ లో ఉండాలి, స్విచ్ కూడా ఎన్ లో ఉండాలి, రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. మా స్విచ్ మీద ఒక గీత, లోపలి చక్రం మీద ఒక గాడి ఉన్నయ్. రెండూ ఎదురెదురుగా వచ్చేలా తిప్పి బోల్టులు బిగించాలి. కొన్నిటికి సన్న కడ్డీ దూర్చే రంధ్రం ఉంటుంది. గీతలేమీ లేని వాటికి మల్టీమీటరే దిక్కు, ఎన్ లో బీప్ వచ్చేదాకా కొంచెం కొంచెం తిప్పుకోవాలి. బోల్టులు దిగేది అల్యూమినియంలోకి. ట్రాక్టర్ వీలు నట్టు బిగించినట్టు బిగిస్తే మర పోతుంది. మణికట్టు బలం చాలు.

వైర్లు పెట్టాక నాలుగు గేర్లలోనూ మీటరు పెట్టి చూశాం. పి లో బీప్, ఎన్ లో బీప్, ఆర్ లో, డి లో మౌనం. అప్పుడు బ్యాటరీ ఎక్కించి, వాకిట్లోంచి అందరినీ లోపలికి పంపేసి, నేను సీట్లో కూర్చుని బ్రేకు నిలువునా తొక్కి పట్టుకున్నాను. ముందు ఆర్ లో పెట్టి కీ తిప్పాను, తిరగలేదు. డి లో తిప్పాను, తిరగలేదు. పి లో తిప్పితే ఒక్క అరతిప్పుకే అందుకుంది. ఎన్ లోనూ అంతే. రివర్సు లైటు వెలిగిందని కుర్రాడు వెనక గోడ పక్కనుంచి చెయ్యూపాడు. ఈ పరీక్షలో తిరగకూడని చోట తిరగకపోవడం చూడటం ముఖ్యం. చాలామంది పి లో స్టార్టవగానే పానాలు సర్దేస్తారు. తొమ్మిదిన్నరకి అయిపోయింది, మధ్యలో ఇడ్లీకి ఆగింది కూడా కలిపి.

అన్ని ఆటోమేటిక్‌లకీ ఇది పనికిరాదు, ఆ మాట చెప్పాలి. ఇప్పుడు తక్కువ ధరలో వచ్చే ఏఎంటీ బండ్లు వేరే. అందులో మామూలు గేర్ బాక్సే ఉంటుంది, క్లచ్ పని కంప్యూటర్ చేస్తది. చాలావాటిలో పి అనేదే ఉండదు. వాటిని కదిలించొద్దు. కొన్ని ఖరీదైన బండ్లకి ఈ స్విచ్ గేర్ బాక్సు లోపల, నూనెలో ఉంటుంది, అది కూడా మన పని కాదు. బానెట్ ఎత్తితే కేబుల్ పక్కన కళ్ళకి కనిపించే నల్ల డబ్బా ఉంటేనే చెయ్యి పెట్టండి.

ఇప్పుడు మీ ట్రాక్టర్. ఈమధ్య వచ్చిన చాలా ట్రాక్టర్లకి ఇలాంటి స్విచ్చే ఉంటుంది. కొన్నిటికి క్లచ్ పెడల్ దగ్గర, కొన్నిటికి గేర్ లివర్ దగ్గర, కొన్నిటికి పీటీవో లివర్ దగ్గర కూడా. మీ బండితో ఇచ్చిన పుస్తకం అటక మీద ఉంటుంది, తీసి చూడండి. కింద నిలబడి స్టార్టర్‌కి ఇనుము అడ్డం పెట్టి స్టార్ట్ చెయ్యొద్దని అందులో రాసే ఉంటుంది.

పరీక్ష చెప్తాను. చదునైన చోట, ముందూ వెనకా మనిషిగానీ గొడ్డుగానీ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు వేసి, సీట్లో కూర్చోండి. క్లచ్ దగ్గర స్విచ్ ఉండే బండైతే గేర్లన్నీ న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కకుండా కీ తిప్పండి. స్టార్టర్ తిరక్కపోతే స్విచ్ పనిచేస్తున్నట్టే. తిరిగిందంటే ఎవరో డైరెక్ట్ చేశారు, లేదా స్విచ్ లోపల అతుక్కుపోయింది. గేర్ లివర్ దగ్గర స్విచ్ ఉండే బండైతే క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని, గేర్లో పెట్టి కీ తిప్పండి. తిరగకూడదు. క్లచ్ మీద కాలు మాత్రం తియ్యొద్దు.

పోయిన శుక్రవారం మా బామ్మర్ది ట్రాక్టర్ మీద ఈ పరీక్ష చేశాం. తిరిగింది. కింద వంగి చూస్తే క్లచ్ స్విచ్‌కి వెళ్ళే రెండు వైర్లు కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉన్నయ్. బావా నేను కొన్నప్పటినుంచీ అలాగే ఉందేమో అన్నాడు. ఆ ట్రాక్టర్ మా మేనల్లుడు కూడా నడుపుతాడు, ఇంటర్ రెండో సంవత్సరం. దుక్కికి కాలేజీ సెలవు పెడతాడు వాడు.

స్విచ్ మూడొందల యాభై రూపాయలు. బ్రేకు లైటు స్విచ్ లాంటిదే, మర ఉన్న చిన్న ముక్క, రెండు వైర్లు, ఒక లాక్ నట్టు. పెడల్ నిండా తొక్కినప్పుడే కలిసేలా ముందుకో వెనక్కో తిప్పి నట్టు బిగించుకోవాలి, అంతే పని. హ్యాండ్ బ్రేకు కూడా బిగించాలి, లేకపోతే గేర్లో పెట్టి వెళ్ళే అలవాటు పోదు. నిన్న పేటలో స్విచ్ దొరికింది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఆదివారం పొద్దున్నే వస్తానన్నాడు. మాతోపాటు ఇంకో రెండు ట్రాక్టర్లు చూస్తాడట, వాడే అడిగి పెట్టుకున్నాడు. మా ఊరు, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఎవరైనా చూపించుకోవాలంటే ఎనిమిదింటికల్లా మా కల్లం దగ్గరికి బండి తోలుకుని రండి. కాయ ఆరబోసి ఉంది, పట్టల మీదకి ఎక్కించకుండా పడమర వైపునుంచి రండి.